పడవ బొమ్మ పటం కట్టించి గోడకి పెట్టుకోవాలనుకునేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

మాది బెజవాడ. నదిమీద ఫొటోలు తీయడం, ప్రింట్ చేయించి పటం కట్టించి ఇవ్వడం నా పని. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అడిగేది పడవలే, అవే డౌట్లు రోజూ ఫోన్లో, వాట్సాప్‌లో వస్తుంటే ఒకచోట రాసి పెడదామనిపించింది. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి డైరెక్టుగా వెళ్ళిపోండి, ఏ జవాబు దానికదే చదువుకోవచ్చు.

## బొమ్మ ఎంచుకునేటప్పుడు

పడవ బొమ్మ అందరిళ్ళల్లోనూ ఉంటది కదా, నాలుగు రోజులకి బోర్ కొట్టదా?

కొడుతుంది, నీళ్ళు బాగోలేకపోతే. నేను ఇన్నాళ్ళుగా చూసింది ఏంటంటే పడవ బొమ్మలో మనం రోజూ చూసేది పడవని కాదు, నీళ్ళని. పడవ అనేది కన్ను కాసేపు కూర్చోడానికి ఒక చోటు, అంతే. అందుకే బొమ్మ ఎంచుకునేటప్పుడు పడవని వేలితో కప్పేసి మిగతాది చూడండి. ఆ నీళ్ళల్లో వెలుగు ఎటునుంచి పడుతుందో తెలుస్తుందా, దగ్గర అల పెద్దగా దూరం వెళ్ళేకొద్దీ సన్నగా అవుతుందా, అవతలి ఒడ్డు ఎంత దూరమో అర్థమవుతుందా? ఇవి ఉంటే పదేళ్ళు చూసినా విసుగు రాదు. నీళ్ళు మొత్తం ఒకటే నీలం రంగు పూసినట్టుంటే మాత్రం వారానికే అది గోడలో కలిసిపోయి మీ కంటికి ఆనదు.

ఖాళీ పడవ బాగుంటదా, నడిపే మనిషి ఉన్నది బాగుంటదా?

గదిని బట్టి. బెడ్రూమ్‌కి, చదువుకునే చోటికి ఒడ్డున తాడు కట్టేసిన ఖాళీ పడవ హాయిగా ఉంటది. హాల్లో పదిమంది మసిలేచోట మనిషి ఉన్న బొమ్మ నిలబడతది. ఖాళీ పడవలో తాడు తప్పకుండా కనపడాలని నేను పట్టుబడతాను. తాడు కనపడితే ఎవరో కట్టి వెళ్ళారు, మళ్ళీ వస్తారు అనిపిస్తుంది, తాడు లేకుండా నది మధ్యలో వదిలేసిన పడవైతే కొంతమందికి దిగులుగా ఉంటది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళకి ఒకసారి చూపించి తీసుకోండి.

వాస్తు ప్రకారం పడవ బొమ్మ పెట్టొచ్చా? ఎటు తిరిగి ఉండాలి?

నేను వాస్తు చెప్పేవాడిని కాదండి. నా దగ్గరికి వచ్చేవాళ్ళు పాటించేది చెప్తాను: మునిగిపోతున్న ఓడ, తుఫాను, విరిగిన పడవ బొమ్మలు వద్దంటారు, పడవ ముక్కు గుమ్మం వైపు కాకుండా ఇంట్లోకి తిరిగి ఉండాలంటారు. ఇందులో రెండోది బొమ్మలు పెట్టే లెక్కలో చూసినా మంచి మాటే, ఎందుకంటే పడవ ఎటు వెళ్తుంటే మన చూపు అటు వెళ్తుంది, గుమ్మం వైపుంటే చూపు బయటికి జారిపోతుంది. అయితే దిక్కు కోసమని ఫొటోని కంప్యూటర్లో అద్దంలో బొమ్మలా తిప్పేయమని మాత్రం అడగకండి. ఇంద్రకీలాద్రి ఉండాల్సిన చోట అవతలి ఒడ్డు సీతానగరం కొండ వస్తుంది, ఈ ఊరివాళ్ళకి చూడగానే తెలిసిపోతుంది.

మాది సింగ్ నగర్. 2024 వరదల్లో మమ్మల్ని పడవలోనే బయటికి తెచ్చారు. మావారు పడవ బొమ్మ పెడదామంటున్నారు, నాకేమో ఆ రోజులు గుర్తొస్తాయి. ఏం చెయ్యమంటారు?

ఈ ప్రశ్న ఒక్కరు కాదు, చాలామంది అడిగారు. బుడమేరు వాగు ఇళ్ళల్లోకి వచ్చిన ఆ సెప్టెంబరు మొదటివారంలో పడవ అంటే అన్నం ప్యాకెట్టు, మందులు, ముసలివాళ్ళని ఎత్తుకుని దించింది. మరోపక్క అదే వరదలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళొచ్చి, కొట్టుకొచ్చిన పెద్ద పడవలు గేట్ల దగ్గర ఢీకొట్టాయి. ఒకే వస్తువు ఒకరికి ప్రాణం, ఒకరికి భయం. మీకు ఒక్క శాతం ఇబ్బందిగా ఉన్నా హాల్లో పెట్టకండి, గోడమీద ఉన్నదాన్ని తప్పించుకుని తిరగలేం కదా. పెట్టాలనే ఉంటే బురదరంగు నీళ్ళు, ఇళ్ళ మధ్య పడవ లాంటివి వదిలేసి, పొద్దున్నే మంచులో ఒడ్డుకి కట్టిన చిన్న పడవ తీసుకుని మీవారి గదిలో పెట్టుకోమనండి. తొందరేం లేదు, వచ్చే ఏడాదైనా పెట్టుకోవచ్చు.

ఫారిన్ పెయింటర్లు వేసిన పడవ బొమ్మలు నెట్లో నుంచి తీసి ప్రింట్ చేయించుకోవచ్చా? కేసులేమైనా అవుతాయా?

మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పెయింటింగ్ మీద హక్కు ఆర్టిస్టు చనిపోయాక 60 ఏళ్ళు ఉంటుంది. రెన్వార్ 1919లో, మోనే, మేరీ కసాట్ ఇద్దరూ 1926లో పోయారు కాబట్టి వాళ్ళవి ఎప్పుడో స్వేచ్ఛ అయిపోయాయి. న్యూయార్క్ మెట్ మ్యూజియం 2017 నుంచి, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ కూడా, హక్కులు తీరిపోయిన బొమ్మల పెద్ద ఫైళ్ళు ఫ్రీగా ఇస్తున్నాయి, గూగుల్లో దొరికే చిన్న ముక్కలు కాకుండా అక్కడినుంచి తీసుకోండి. నాకు బాగా నచ్చేది కసాట్ వేసిన పడవ ప్రయాణం, 1893-94 నాటిది, అది ఆ వాషింగ్టన్ గ్యాలరీలోనే ఉంది: తెడ్లు వేసేవాడి వీపు మనవైపు, ఎదురుగా బిడ్డని ఒళ్ళో పెట్టుకున్న తల్లి, మనం కూడా అదే పడవలో కూర్చున్నట్టుంటది. రెన్వార్ 1875లో వేసిన చిన్న పడవ చూస్తే నీలం నీళ్ళమీద నారింజ రంగు పడవ, ఆ రెండు రంగులూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. బతికున్న ఆర్టిస్టులవి, ఎవరో ఇన్‌స్టాలో పెట్టిన ఫొటోలు మాత్రం అడగకుండా తీసుకోవద్దు, నేనైతే ప్రింట్ చెయ్యను.

ఏఐతో పడవ బొమ్మ చేయించాను, చాలా బాగొచ్చింది. ప్రింట్ చేయించనా?

ముందు తెడ్లు చూడండి. రెండు తెడ్ల పడవలో తెడ్డు పడవ అంచుమీద ఒక కొక్కేనికో కొయ్యకో ఆని తిరగాలి, నడిపేవాడు పడవ వెళ్ళే దిక్కుకి వీపు పెట్టి కూర్చుని లాగుతాడు. మన కృష్ణలో నాటు పడవైతే వెనకవైపు కూర్చుని ఒక్క తెడ్డుతో, ముందుకి చూస్తూ వేస్తారు, లోతు లేనిచోట నిలబడి గెడ వేస్తారు. నాకు వచ్చిన ఏఐ బొమ్మల్లో తెడ్డు చెక్కలోనుంచి దూసుకుపోవడం, నీళ్ళల్లో నీడకి వేరే ఆకారం ఉండడం చాలాసార్లు చూశాను. ఫోన్లో కనపడవు, రెండడుగుల పటంలో రోజూ అదే కనపడతది.

## మనమే తీసుకుంటే, గీసుకుంటే

విజయవాడలో పడవ ఫొటో ఎక్కడ, ఏ టైమ్‌లో బాగొస్తుంది?

ప్రకాశం బ్యారేజీకి పైవైపు. 1957లో కట్టిన ఈ బ్యారేజీ 70 గేట్లు మూసి నీళ్ళని ఆపి ఉంచుతుంది కాబట్టి పైన నది చెరువులా నిండుగా, గాలి లేనప్పుడు అద్దంలా ఉంటది, కిందవైపు వానలు పోయాక చాలావరకు ఇసుక మేటలు, మధ్యలో మడుగులు. భవానీపురం వైపు పున్నమి ఘాట్ నుంచి సాయంత్రం పడమటికి చూస్తే పడవలు నల్లటి ఆకారాల్లా వస్తాయి. నేనైతే డిసెంబరు, జనవరి పొద్దున ఆరున్నరకి వెళ్తాను. ఆ టైమ్‌లో నీళ్ళమీద మంచు అరచేతి ఎత్తున పాకుతుంటది, అవతల ఉండవల్లి వైపు గట్టు కనపడదు, తెడ్డు నీళ్ళల్లో దిగిన చప్పుడు ముందు వినపడి ఆ తర్వాత పడవ బయటపడుతుంది. తెడ్డు పైకి లేచినప్పుడు దాని అంచునుంచి చుక్కలు వరసగా రాలి నీళ్ళమీద చిన్న చిన్న గుండ్రాలు పడతాయి చూడండి, ఆ గుండ్రాలు చెదరకముందు తీసిన ఫొటోకి ఇంకేమీ అక్కర్లేదు. ఎనిమిది దాటితే గాలి లేచి అద్దం పగిలిపోతుంది. ఎండాకాలంలో ఊళ్ళో ఉన్న బందరు, ఏలూరు, రైవస్ కాలవలకి నీళ్ళు ఆపేస్తారు, అప్పుడు కాలవల దగ్గరికి వెళ్ళి నిరాశపడకండి.

బ్యారేజీ మీద బండి ఆపి ఫొటోలు తీయొద్దు, వెనకనుంచి వచ్చేవాళ్ళకి మీరు కనపడరు.

జాలర్లని ఫొటో తీస్తే ఏమైనా అంటారా?

అడిగి తీస్తే ఏమీ అనరు. "అన్నా, ఒక ఫొటో తీసుకుంటానే" అంటే చాలు, కొందరు వల కూడా ఇంకోసారి వేసి చూపిస్తారు. మొహం స్పష్టంగా పడి అది ఇంకొకరి గోడమీదకి, అందులోనూ డబ్బుకి వెళ్తుంటే ఆ సంగతి ముందే చెప్పండి, ఒక ప్రింట్ తీసి వాళ్ళకి ఇవ్వండి. నేను ఇచ్చిన ప్రింట్లు ఒడ్డున ఇళ్ళల్లో దేవుడి పటాల పక్కన పెట్టుకున్నారు.

మా పాప పడవ గీస్తే ఎప్పుడూ వంకరగా వస్తుంది, పటం కట్టిద్దామంటే ఒప్పుకోదు. ఏదైనా చిట్కా ఉందా?

ఉంది, చాలా పాతది. ముందు సన్నగా అడ్డంగా పడుకోబెట్టిన ఎనిమిది అంకె గీయమనండి, దగ్గరికి ఉన్న సున్నా పెద్దది, దూరంగా ఉన్నది చిన్నది. పడవ అంచు ఆ గీతల వెంబడే వంపు తిరుగుతుంది. ఆ తర్వాత ముక్కు దగ్గర, వెనక చివర కిందికి గీత దించి, అడుగున ఒక వంపుతో కలిపితే పడవ నీళ్ళమీద కూర్చుంటుంది. నీళ్ళల్లో ప్రతిబింబం ఎప్పుడూ నిలువునా కిందికే పడాలి, ఎండ నీడలా పక్కకి వాలదు. ఇంకో మాట, నల్లటి పడవ ప్రతిబింబం పడవకంటే కాస్త లేతగా, తెల్లటి పడవది కాస్త ముదురుగా వేయమనండి. అయినా వంకర పడవైనా సరే పటం కట్టించండి, నాకు పిల్లల పడవలు కట్టడమంటే చాలా ఇష్టం.

## ప్రింట్ దగ్గర

ఫోన్లో తీసిన ఫొటో ఎంత పెద్ద ప్రింట్ వరకు వస్తుంది?

12 మెగాపిక్సెల్ ఫొటో అంటే 4000 × 3000 పిక్సెళ్ళు. అంగుళానికి 300 చొప్పున అయితే 13 × 10 అంగుళాలు, అది చేతిలో పట్టుకుని చూసే క్వాలిటీ. గోడమీద ఐదారడుగుల దూరంనుంచి చూసేదానికి అంగుళానికి 150 ఉన్నా కళ్ళకి తెలీదు, అంటే 24 × 18 వరకు ధైర్యంగా వెళ్ళొచ్చు. కానీ జూమ్ చేసి తీసింది, చీకట్లో తీసింది ఈ లెక్కలోకి రావు.

షాపుకి పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపకండి, కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా మెయిల్ చెయ్యండి.

12 × 18 ప్రింట్ ఇస్తే తెడ్డు చివర కట్ అయిపోయింది, షాపువాళ్ళ తప్పా?

చాలావరకు కాదు. ఫోన్ ఫొటో నాలుగుకి మూడు కొలతలో ఉంటది, 12 × 18 మూడుకి రెండు. కొలత కుదరకపోతే ఏదో ఒక అంచు పోవాల్సిందే, పడవ ఫొటోలో పోయేది తెడ్డు చివరో, కింద ప్రతిబింబమో అవుతుంది. 12 × 16, 18 × 24 అడగండి, మొత్తం వస్తుంది. తీసేటప్పుడే చుట్టూ కాస్త ఖాళీ వదిలి తీస్తే ఇంకా మంచిది.

గ్లాసీనా, మ్యాటా, కాన్వాసా?

అద్దంలాంటి నీళ్ళున్న ఫొటోకి మ్యాట్ పేపర్, కాస్త మందం ఉన్నది, 230 జీఎస్ఎమ్ పైన. అద్దంలాంటి నీళ్ళు కదా గ్లాసీ అయితే ఇంకా మెరుస్తాయని చాలామంది అనుకుంటారు, తీరా గోడకి పెట్టాక నీళ్ళల్లో ట్యూబ్‌లైట్, ఫ్యాన్, ఎదురు కిటికీ కనపడతాయి. కాన్వాస్ పెయింటింగ్‌లకి బాగుంటది, ఫొటోకైతే ఆ నేత గీతలు సన్నటి అలల్ని తినేస్తాయి. ఇంక్ పిగ్మెంట్‌దా అని ఒక్క మాట అడగండి, మామూలు డై ఇంక్ కంటే అది వెలుతురికి ఎక్కువ రోజులు ఆగుతుంది.

ఫోన్లో బంగారంలా ఉన్న ఫొటో ప్రింట్‌లో నల్లగా వచ్చింది ఎందుకు?

ఫోన్ వెనకనుంచి లైటు వేస్తుంది, కాగితానికి ఆ లైటు లేదు. బ్రైట్‌నెస్ సగానికి దించి చూడండి, ప్రింట్ దాదాపు అలా ఉంటది. నా మొదటి పెద్ద ప్రింట్‌లో పడవ మొత్తం మసిలా అయిపోయింది, తెడ్డు పట్టుకున్న చెయ్యి కనపడకుండా పోయింది, ఆ ఫొటో నాకు చాలా ఇష్టమైనది కాబట్టి ఆ రోజు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి ముందు చిన్న టెస్ట్ ప్రింట్ తీసి, అది పెట్టబోయే గదిలోనే, అక్కడి లైటు కింద చూశాకే పెద్దది తీస్తాను. మీరూ అలానే చెయ్యండి.

## పటం కట్టించేటప్పుడు

మౌంట్ అవసరమా? షాపులో అనవసరంగా అంటగడుతున్నారనిపిస్తుంది.

అవసరమే. బొమ్మ చుట్టూ ఉండే ఆ తెల్లబోర్డు అందానికి మాత్రమే కాదు, కాగితాన్ని గ్లాసుకి తగలకుండా ఎడంగా ఉంచుతుంది. మన ఊరి చెమటకి, వానాకాలం తేమకి గ్లాసు లోపలివైపు చెమ్మ పడుతుంది, కాగితం దానికి ఆనుకుని ఉంటే అంటుకుపోతుంది. బోర్డు యాసిడ్ ఫ్రీ అయితే మంచిది, లేకపోతే కోసిన అంచు కొన్నేళ్ళకి టీ రంగులోకి మారి ఆ మరక బొమ్మమీదకి పాకుతుంది. తెలుపులో కూడా కాస్త మీగడ రంగు తీసుకోండి, తళతళలాడే తెలుపు పక్కన మంచు మురికిగా కనపడతది. వెడల్పు రెండు మూడు అంగుళాలు.

బీడింగ్ ఏది తీసుకోవాలి? ఎంత అవుతుంది?

బీడింగ్ అంటే పటం చుట్టూ వేసే చట్రం పట్టీ, దాన్ని రన్నింగ్ ఫుట్ లెక్కన, అంటే ఎన్ని అడుగుల పొడవో దాన్నిబట్టి వేస్తారు. 18 × 24 బొమ్మకి చుట్టూ మూడు అంగుళాల మౌంట్ వేస్తే బయటి కొలత 24 × 30, అంటే చుట్టుకొలత 9 అడుగులు, మూలలు ఏటవాలుగా కోసేదానికి ఇంకాస్త పోతుంది. ప్రింట్, మౌంట్, గ్లాస్, బీడింగ్ విడివిడిగా రేటు చెప్పమనండి. సన్నటి ముదురు గోధుమ రంగో, పాత చెక్క రంగో పడవకి నప్పుతుంది. దేవుడి పటాలకి వేసే బంగారు పూలబీడింగ్ దేవుడికే వదిలేద్దాం, నీళ్ళ పక్కన ఆ మెరుపు చూపుని లాగేస్తుంది. చెదలు ఉన్న ఇళ్ళకి చెక్క కంటే ఫైబర్ నయం.

గ్లాస్ పెట్టాలా, యాక్రిలిక్ పెట్టాలా?

చిన్నవాటికి గ్లాస్, పెద్దవాటికి యాక్రిలిక్, అంటే గాజులా కనపడే ప్లాస్టిక్ షీటు. 24 × 36 పటంలో 2 ఎమ్ఎమ్ గ్లాసు ఒక్కటే రెండు కేజీల ముప్పావు దాకా తూగుతుంది, అదే మందం యాక్రిలిక్ అందులో సగం కూడా ఉండదు. అయితే యాక్రిలిక్‌ని పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. కిటికీకి ఎదురుగానే పెట్టక తప్పదంటే నాన్ రిఫ్లెక్టివ్ గ్లాసుకి కొంచెం ఎక్కువ పెట్టండి, పడవ బొమ్మకి పెట్టే డబ్బుల్లో నాకు అన్నిటికంటే న్యాయంగా అనిపించేది అదే.

## గోడకి పెట్టేటప్పుడు

ఎంత ఎత్తులో పెట్టాలి?

మనకి దేవుడి పటాలు, పెద్దవాళ్ళ ఫొటోలు గుమ్మం పైన పెట్టే అలవాటు, అదే ఎత్తులో పడవనీ పెట్టేస్తారు. నేలనుంచి బొమ్మ మధ్యకి 57 నుంచి 60 అంగుళాలు మామూలు లెక్క, సోఫా పైన అయితే సోఫా వీపునుంచి ఆరేడు అంగుళాలు. నేను ఇంకోటి కూడా చూస్తాను: ఆ గదిలో ఎక్కువసేపు కూర్చునే మనిషిని కూర్చోబెట్టి, బొమ్మలో నీళ్ళూ ఆకాశం కలిసే గీత వాళ్ళ కంటికి మరీ పైన లేకుండా దించుతాను. ఆ గీత తలకి బాగా పైన ఉంటే మనం నీళ్ళ కింద ఉన్నట్టుంటది, కంటికి దగ్గరగా ఉంటే ఒడ్డున కూర్చున్నట్టుంటది. దివాన్ మీద, కిందా కూర్చునే ఇళ్ళల్లో మొహమాటపడకుండా ఇంకా కిందకి దించండి.

ఏ గోడకి పెట్టకూడదు?

మధ్యాహ్నం ఎండ నేరుగా పడే గోడ, బాత్రూమ్‌ని ఆనుకున్న గోడ, వంటింటి పొగ తగిలేది, దీపం మసి తగిలేది. వానాకాలంలో చెమ్మ దిగే బయటి గోడే గతి అయితే పటం వెనక కింద రెండు మూలలకి చిన్న రబ్బరు బిళ్ళలు అంటించండి, గోడకీ పటానికీ మధ్య గాలి ఆడుతుంది.

మేకు దిగట్లేదు, సున్నం రాలిపోతుంది.

కాంక్రీటైతే డ్రిల్‌తో 6 ఎమ్ఎమ్ రంధ్రం, ప్లగ్, స్క్రూ. పాత ఇటుక గోడైతే ఇటుకల మధ్య సందులో కాకుండా ఇటుకలోకి వెయ్యండి. పెద్ద పటానికి రెండు కొక్కేలు, ఒక్కదానికి వేలాడదీస్తే ఫ్యాన్ గాలికి పక్కకి ఒరిగి నీళ్ళన్నీ ఓ వైపుకి వంగినట్టు కనపడతాయి.

## పెట్టాక

పాత ఫొటో గ్లాసుకి అతుక్కుపోయింది. నెమ్మదిగా లాగితే వస్తుందా?

లాగకండి, దయచేసి. మా అమ్మా నాన్నా పెళ్ళైన కొత్తలో పడవెక్కి భవానీ ద్వీపం వెళ్ళినప్పటి ఫొటో మా ఇంట్లో ఉండేది. మౌంట్ లేకుండా కట్టిన పటం. ఒక వానాకాలం తర్వాత కుడివైపు ఒక మరకలా కనపడితే ఫ్రేమ్ విప్పి, వేలిగోరుతో అంచు లేపాను. కాగితం చేతికొచ్చింది, అమ్మ మొహం మాత్రం గ్లాసు మీదే ఉండిపోయింది. నాన్న, పడవ, తెడ్డు అన్నీ ఉన్నాయి, అమ్మ చోట తెల్లటి కాగితం. మీకు అలా జరగకూడదు. గ్లాసుతో సహా అలాగే ఉంచి, పక్కనుంచి వెలుతురు పడేలా పెట్టి నిటారుగా ఫొటో తీయండి, లేదా స్కానర్ మీద గ్లాసుతోనే బోర్లించండి. ఆ ఫైలుతో కొత్త ప్రింట్ తీసుకుని, పాతది గ్లాసుతోనే గుడ్డలో చుట్టి దాచుకోండి.

ఎన్నాళ్ళకి రంగు వెలుస్తుంది?

ఎండ తగలకపోతే పిగ్మెంట్ ఇంక్ ప్రింట్ చాలా ఏళ్ళు ఉంటుంది. ఎండ తగిలితే ఏదైనా వెలుస్తుంది. ఒరిజినల్ ఫైలు రెండు చోట్ల దాచుకోండి, అంతకన్నా భరోసా లేదు.

వరద నీళ్ళల్లో పటాలు తడిసిపోయాయి, ఏమైనా మిగులుతాయా?

త్వరగా కదిలితే కొన్ని మిగులుతాయి. తడిగా ఉన్నప్పుడే ఫ్రేమ్‌లోనుంచి తీయాలి, ఆరనిస్తే అతుక్కుపోతాయి. స్టూడియోలో కడిగిన పాతరకం ఫొటోలైతే మంచి చల్లటి నీళ్ళల్లో బొమ్మ వైపు చెయ్యి తగలకుండా బురద పోయేలా కదిపి, నీడలో గుడ్డమీద బొమ్మ పైకి వచ్చేలా విడివిడిగా ఆరబెట్టండి. ఇంక్‌జెట్ ప్రింట్‌ని మాత్రం కడగొద్దు, రంగు కారిపోతుంది, అలాగే ఆరనివ్వండి. రెండు రోజుల్లో అన్నీ చూడలేమనుకుంటే మధ్యలో ప్లాస్టిక్ కాగితం వేసి కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో పెట్టేయండి, బూజు పట్టకుండా ఆగుతాయి, తర్వాత తీరిగ్గా ఒక్కొక్కటీ తీసుకోవచ్చు. ఫ్రేమ్ వెనక ఎమ్‌డీఎఫ్ చెక్క ఉబ్బిపోయి ఉంటది, దాన్ని ఆరబెట్టి మళ్ళీ వాడకండి, అందులో తేమ లోపలే ఉండి కొత్త ప్రింట్‌ని కూడా పాడుచేస్తుంది.